గంటల లెక్కకు అందని పాఠం: సీమ కాలేజీల్లో సైకాలజీ గెస్ట్ అధ్యాపకులు

ఏటా జూన్, జులై నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప జిల్లా పేజీల్లో ఒక చిన్న ప్రకటన కనిపిస్తుంది. కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ కావాలి, పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్, సెట్ గానీ, పీహెచ్‌డీ గానీ ఉన్నవారికి ప్రాధాన్యం, ఒరిజినల్ సర్టిఫికెట్లతో డెమోకు రావాలి. సబ్జెక్టుల వరుసలో కంప్యూటర్ సైన్స్, కామర్స్, జువాలజీ ముందుంటాయి. సైకాలజీ ఉంటే గింటే చివర్లో, అదీ ఒక్క పోస్టు.

ఆ ఒక్క పోస్టులోనే చిక్కంతా ఉంది. కామర్స్‌కు గెస్ట్ లెక్చరర్ వస్తే అప్పటికే శాఖలో ఉన్న ముగ్గురు నలుగురికి తోడవుతారు. సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందో, ఇంటర్నల్స్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు పక్కనే ఉంటారు. సైకాలజీలో చాలాసార్లు ఆ వచ్చిన మనిషే శాఖ. పాఠం, ప్రాక్టికల్, రికార్డు, ప్రశ్నపత్రం, ఇంటర్న్‌షిప్ అన్నీ ఆయన మీదే. కానీ నియామకం మాత్రం పాఠానికి ఇంత అని గంట లెక్కన జరుగుతుంది. సైకాలజీలో సగం పని ఆ గంటకు బయటే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి అన్ని సబ్జెక్టులకన్నా దీన్నే ఎక్కువ దెబ్బతీస్తోంది.

తాత్కాలిక అధ్యాపకులకు ఇక్కడ పేర్లు చాలానే ఉన్నాయి. వర్సిటీ క్యాంపస్‌లో అకడమిక్ కన్సల్టెంట్ అంటారు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ, ప్రైవేటు కాలేజీలో పార్ట్ టైమ్ లెక్చరర్. ఆర్డరు కాగితం మారుతుంది, డబ్బు మారుతుంది, చెప్పే యూనిట్లు మారవు. ఇవన్నీ ఇంతగా పెరగడానికి సీమ వర్సిటీల పుట్టుక కూడా కొంత కారణం. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడ్డాయి. రెండూ అంతకుముందు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రాలే. కర్నూలులోని కృష్ణదేవరాయ వర్సిటీ పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. పీజీ కేంద్రాలుగా మొదలైనవి కాబట్టి క్యాంపస్‌లో పీజీ శాఖలకే పెద్దపీట. డిగ్రీ చదువు ఎక్కువగా అనుబంధ కాలేజీల్లో నడుస్తుంది. కర్నూలు క్లస్టర్ యూనివర్సిటీ ఇందుకు భిన్నం. సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా కళాశాల, పురుషుల డిగ్రీ కళాశాలలను కలిపి ఏర్పరచినది కావడంతో అక్కడ డిగ్రీ పాఠాల బాధ్యత నేరుగా వర్సిటీదే.

సీమలో ఈ సబ్జెక్టు కొత్తదేమీ కాదు. 1916లో మొదలైన అనంతపురం దత్తమండల కళాశాలలో (నేటి ఆర్ట్స్ కాలేజీ) కొంతకాలం పాఠాలు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకు నాలుగేళ్ల ముందే, 1912లో, సైకాలజీ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. అప్పట్లో సైకాలజీ ఫిలాసఫీలో భాగం. వందేళ్లు దాటినా ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. సైకాలజీ పీజీ చేసినవారు దొరక్కపోతే ఎంఈడీ వాళ్లతోనో, సోషల్ వర్క్ వాళ్లతోనో క్లాసులు నడిపించే కాలేజీలు ఇప్పటికీ ఉన్నాయి.

పని పెరగడానికి 2023-24లో రాష్ట్రం తెచ్చిన మార్పు మరో కారణం. అంతకుముందు బీఏలో మూడు సబ్జెక్టులు కలిపి చదివేవారు, వాటిలో సైకాలజీ ఒకటయ్యేది. సెమిస్టరుకు ఒక పేపరు, కొన్నిట్లో రెండు. సింగిల్ మేజర్ విధానం వచ్చాక సైకాలజీని మేజర్‌గా తీసుకున్న విద్యార్థికి చదువంతా ప్రధానంగా దాని చుట్టూనే తిరుగుతుంది. మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకునేవాళ్లు అదనం. నాలుగో ఏడాది ఆనర్స్ కూడా ఉంది. దీనికి తోడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు. పేపర్లు పెరిగినంతగా పోస్టులు పెరగలేదు. 2023 అక్టోబరులో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చినా అవి కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఈలోగా ఖాళీని నింపేది గెస్ట్ ఫ్యాకల్టీయే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. తప్పనిసరి అయితేనే కాంట్రాక్టు అధ్యాపకులను తీసుకోవాలి, వారి సంఖ్య మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు, అర్హతలూ ఎంపిక పద్ధతీ రెగ్యులర్ వారికి ఉన్నవే ఉండాలి, ఇచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. చదవడానికి బాగుంది. అయితే ‘గెస్ట్’, ‘కన్సల్టెంట్’ అని వేరే పేరు పెడితే ఈ షరతులు తమకు వర్తించవన్న ధీమా యాజమాన్యాలది. అసలు పేర్లు ఇన్ని పుట్టుకొచ్చిందే అందుకని అనుమానించడంలో తప్పులేదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త నిబంధనల ముసాయిదాలో ఆ 10 శాతం పరిమితే కనిపించలేదు. పీజీ ఒక సబ్జెక్టులో చేసి నెట్ వేరే సబ్జెక్టులో రాసినా బోధించవచ్చన్న ప్రతిపాదన కూడా అందులోనే ఉంది. చరిత్రకో, రాజనీతి శాస్త్రానికో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. ఒక్క ప్రయోగం కూడా స్వయంగా చేయని వ్యక్తి నెట్ గైడు చదివి పాసై సైకాలజీ ల్యాబ్‌లో నిలబడటం మాత్రం వేరే సంగతి.

ఇక డబ్బు. 2019 జనవరిలో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీ పారితోషికాన్ని పాఠానికి 1,500 రూపాయలకు పెంచింది, నెలకు 50,000 మించకూడదంది. అంటే నెలలో ముప్పై మూడు పాఠాలు చెప్పేసరికి పరిమితి నిండిపోతుంది. యూజీసీ లెక్కలోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి, నెలకు సుమారు 64 గంటలు. ఒంటి చేత్తో శాఖ నడిపే గెస్ట్ అధ్యాపకుడు ఆ 64 గంటలూ చెబితే సగం పనికి డబ్బు రానట్టే. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి నెల మూల వేతనమే 57,700. పైన అలవెన్సులు. రాష్ట్ర కాలేజీల్లో గెస్ట్‌లకు నిజంగా చేతికొచ్చేది యూజీసీ రేటు కన్నా బాగా తక్కువ, అదీ బిల్లు పాసైనప్పుడు. దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల రోజులు, వేసవి ఇవన్నీ పాఠం లేని రోజులు కాబట్టి పైసా లేని రోజులు. ‘బడ్జెట్ రాలేదు’ అన్న మాట సెప్టెంబరులో వినిపించడం మొదలైతే కొన్నిసార్లు మార్చి దాకా వినిపిస్తూనే ఉంటుంది.

సైకాలజీకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ప్రాక్టికల్స్‌లో ఉంది. ఈ సబ్జెక్టులో ల్యాబ్ అంటే ఆమ్లాలూ క్షారాలూ కావు, మనుషులు. ఇద్దరిద్దరు విద్యార్థులు జట్టుగా కూర్చుంటారు, ఒకరు ప్రయోగం చేసే ప్రయోగకర్త, మరొకరు ఆ ప్రయోగం ఎవరి మీద జరుగుతుందో ఆ ప్రయోజ్యుడు. కొసల్లో బాణం గుర్తుల వల్ల సమానమైన గీతలు పొట్టిగా, పొడవుగా కనిపించే ముల్లర్-లయర్ భ్రమలో గీత పొడవును సరిచేయించడం, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించడం, పదాలను ఒక్కొక్కటిగా చూపే మెమరీ డ్రమ్‌తో జాబితా గుర్తుపెట్టించడం, ఒక్క క్షణం చూపిన చుక్కలు ఎన్నో చెప్పించడం. ముప్పై మంది క్లాసుకు పదిహేను జట్లు కావాలి, బీరువాలో పరికరం ఒకటో రెండో ఉంటుంది. కాబట్టి బ్యాచ్‌లు చేయాలి, ఒకే ప్రయోగం నాలుగైదు సార్లు నడిపించాలి. ప్రయోగం ముందు సూచనలు అందరికీ ఒకే మాటల్లో చెప్పాలి, లేకపోతే వచ్చిన అంకెలకు విలువే లేదు. తర్వాత సగటు, ప్రామాణిక విచలనం, గ్రాఫు, చర్చ. ఆపై రికార్డులు దిద్దడం. చాలా చోట్ల రెండు గంటల ప్రాక్టికల్‌ను ఒక గంట పాఠంగా లెక్కిస్తారు, రికార్డు దిద్దడానికి లెక్కే లేదు. ఫలితం ఊహించదగ్గదే. రెండు ప్రయోగాలు చేయించి మిగిలిన ఎనిమిదీ సీనియర్ల రికార్డు చూసి రాసుకోమంటారు. అక్కడ అంకెలు కూడా తరతరాలుగా అవే.

బీరువా తాళం ఇంకో సమస్య. తాత్కాలిక అధ్యాపకుడి పేర స్టాక్ రిజిస్టరు రాయరు. సంతకం వేరే శాఖ లెక్చరర్‌ది, తాళం ఆయన దగ్గర. ఆయన సెలవు పెట్టిన రోజు ప్రాక్టికల్ ఉండదు. పరికరం పాడైతే బాధ్యత తన మీదికొస్తుందని ఆయన తీయనివ్వకపోవడమూ జరుగుతుంది, అందులో ఆయన తప్పు పెద్దగా లేదు. ప్రశ్నావళులు, ప్రజ్ఞా పరీక్షలు ఆగ్రాలోని నేషనల్ సైకలాజికల్ కార్పొరేషన్ వంటి సంస్థల నుంచి తెప్పించుకోవాలి. జవాబు పత్రాలు ఒక బ్యాచ్‌తో అయిపోతాయి, మళ్లీ ఆర్డరు పెట్టాలంటే ప్రిన్సిపాల్ సంతకం, కొటేషన్లు, రెండు నెలలు. గంట లెక్కన వచ్చిపోయే మనిషి ఈ ఫైలు వెంట తిరగడు, తిరిగినా మాట చెల్లదు. అలా జిరాక్సు మిషన్ ల్యాబ్ అసిస్టెంట్ అవుతుంది.

ఇంతకన్నా సున్నితమైన విషయం ఉంది. ఆ పరీక్షల ప్రమాణాలు చాలావరకు ఎక్కడో నగరాల్లో, ఇంగ్లీషులోనో హిందీలోనో చదివిన పిల్లల మీద తయారైనవి. ఆదోని, పత్తికొండ వైపు నుంచి ప్రభుత్వ బడిలో చదివి వచ్చిన అమ్మాయికి అదే స్కేలు పెట్టి ‘సగటుకన్నా తక్కువ’ అని రికార్డులో రాయించడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. ఆ అంకెకు అర్థం ఏమిటి, హద్దు ఎక్కడ అని చెప్పడం టీచరు పని. ఆందోళన, సర్దుబాటు లాంటి స్కేళ్ల స్కోర్లు పేర్లతో సహా రాసిన రికార్డులు టేబుల్ మీద కుప్పగా పడుంటే పక్క బెంచీ వాళ్లు తిరగేస్తారు. పేరు బదులు కోడ్ రాయించడం, ఎవరి రికార్డు వాళ్ల చేతికే ఇవ్వడం ఖర్చు లేని పనులు. కాకపోతే ఎవరో నేర్పాలి, ఆ నేర్పు ఏటా మారే మనిషితో కొనసాగదు.

మరి ఈ పోస్టుకు ఎవరొస్తున్నారు? సీమలో సైకాలజీ రెగ్యులర్ పీజీ సీట్లు తక్కువ. ఉద్యోగం చేసుకుంటూనో, పెళ్లయ్యాకనో ఇగ్నో వంటి దూరవిద్యా సంస్థల్లో ఎంఏ చేసినవారు దరఖాస్తుదారుల్లో గణనీయంగా ఉంటారు. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ వస్తుందన్న కారణంతో, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులు నడపవద్దని యూజీసీ ఆదేశించింది. ఇంట్లో కూర్చుని మనుషులతో పని నేర్చుకోవడం కష్టమన్న వాదనలో బలముంది. అయితే ఈ ఆదేశం వల్ల మరో రెండు మూడేళ్లకు కర్నూలు, కడప కాలేజీల గెస్ట్ ఇంటర్వ్యూల ముందు వరుస ఇంకా పలచబడుతుంది. రెగ్యులర్ సీట్లు పెంచకుండా దూరవిద్య ఆపితే మిగిలేది ఖాళీ కుర్చీలే.

ఉన్నవారిని లాగేసే శక్తి మరొకటి ఉంది, డీఎస్సీ. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, బోధనా శాస్త్రానివి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు కోచింగ్ సెంటర్లకు సైకాలజీ చెప్పేవాళ్లు అత్యవసరమయ్యారు. నంద్యాల, కర్నూలు, అనంతపురాల్లో ‘సైకాలజీ సార్’ అంటే చాలామందికి గుర్తొచ్చేది కోచింగ్ సారే, డిగ్రీ కాలేజీ లెక్చరర్ కాదు. పిల్లల ఆలోచన ఎదిగే పియాజె దశలు, నీతి ఎదిగే కోల్‌బర్గ్ స్థాయిలు, బిట్లు, కోడ్‌లు, అంతా గుర్తుపెట్టుకునే చదువు. చెప్పేవారికి డబ్బు వెంటనే చేతికొస్తుంది. సీజను మొదలైతే డిగ్రీ కాలేజీలో సెమిస్టరు మధ్యలో క్లాసు ఆగిపోవడం మామూలే. దీన్ని వ్యక్తి నిబద్ధత లోపంగా చూడటం సులువు. ఐదు నెలలు బిల్లు రాని చోట ఇల్లు గడిచేదెట్లా అన్నది ఆ మాట అనేవారు ఒక్కసారి ఆలోచించాలి.

కొత్తగా మరో బరువు వచ్చి పడబోతోంది. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలన్నది. మంచి ఆదేశం. కానీ కాగితం నింపాల్సిన ప్రిన్సిపాల్‌కు మొదట కనిపించేది సైకాలజీ గెస్ట్ మేడమే. ‘మీరు సైకాలజీయే కదమ్మా, ఇది కూడా చూసుకోండి’ అంటే కాదనే స్థితి ఆమెకు ఉండదు, రెన్యూవల్ ఆయన చేతిలో ఉంది. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గరే విద్యార్థి తన కష్టం చెప్పుకోవాలి. చెప్పుకున్న విద్యార్థికి ఏప్రిల్ తర్వాత ఆ మేడం కనిపించరు. పైగా ఎంఏ సైకాలజీ వేరు, చికిత్స చేసే అర్హత వేరు. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలి. మానసిక రుగ్మతల గురించి చెప్పే అబ్‌నార్మల్ సైకాలజీ పాఠం జరిగిన రోజు క్లాసు అయ్యాక ఒకరిద్దరు ఆగి ‘మేడం, నాకూ ఇట్లే అవుతాది’ అనడం ఈ సబ్జెక్టు చెప్పే ప్రతివారికీ తెలిసిందే. టెన్షన్ వినడం వరకు టీచరు చేయగలరు. ఆపై ఎక్కడికి పంపాలో తెలియాలి: పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగం, లేదా 2022 నుంచి నడుస్తున్న టెలీ మానస్ 14416 నంబరు. కౌన్సెలర్ పోస్టును, బోధన పోస్టును వేరుగా ఉంచడమే సరైన పని. రెండూ ఒకరికే ఇస్తే రెండూ చెడతాయి.

కోర్టుల వైపు నుంచి తాత్కాలిక అధ్యాపకులకు వచ్చిన ఊరట పాక్షికమే. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉమాదేవి తీర్పు తర్వాత ఎన్నేళ్లు పని చేసినా రెగ్యులరైజేషన్ హక్కుగా రాదు. ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసి ఇంకో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదని 1992లో పియారా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఏటా కొత్త నోటిఫికేషన్‌ను సవాలు చేసేవారికి ఆధారం అదే. వేతనం విషయంలో 2025 ఆగస్టు తీర్పు గట్టిది. గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రెగ్యులర్ వారి కనీస వేతనం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. పాఠం లెక్కన డబ్బు తీసుకునే గెస్ట్‌కు అది నేరుగా వర్తిస్తుందని చెప్పలేం. అయినా వారానికి పదహారు గంటలు చెబుతూ, శాఖ ఇన్‌ఛార్జిగా సంతకాలు పెడుతూ, ఇన్విజిలేషన్ చేసే మనిషిని ‘గెస్ట్’ అనడం కోర్టులో ఎంతకాలం నిలుస్తుందన్నది యాజమాన్యాలు ఆలోచించుకోవాల్సిన విషయం.

ఉన్న పద్ధతిలోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది డెమో. ఇప్పుడు డెమో అంటే పది నిమిషాలు, బోర్డు మీద మనిషి అవసరాలను మెట్లుగా చూపే మాస్లో పిరమిడ్, ‘ఇక చాలు’. ఎంపిక కమిటీలో సైకాలజీ తెలిసినవారు ఒక్కరూ లేకపోతే పిరమిడ్ బాగా గీసినవారే గెలుస్తారు. దానికన్నా అభ్యర్థి చేతికి ఒక ప్రయోగం సామగ్రి ఇచ్చి ఇద్దరు విద్యార్థుల మీద చేయించమంటే పావుగంటలో అన్నీ బయటపడతాయి: సూచనలు ఎలా చెప్పారు, తప్పు జరిగితే ఏం చేశారు, వచ్చిన అంకెను ఎలా వివరించారు. ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు. ఆదోని, మంత్రాలయం వైపు తల్లిదండ్రులు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతే పిల్లలు నెలల తరబడి అవ్వ దగ్గర పెరుగుతారు. బిడ్డకూ పెంచేవారికీ మధ్య బంధాన్ని వివరించే బౌల్బీ అనుబంధ సిద్ధాంతాన్ని ఆ పిల్లల ఉదాహరణతో చెప్పండి. తల్లి దగ్గర లేని ప్రతి బిడ్డా దెబ్బతిన్నట్టేనని చెప్పేవారెవరో, అవ్వ కూడా ఆ భద్రత ఇవ్వగలదని విడమరిచేవారెవరో తెలుస్తుంది. డిగ్రీ మీడియం 2021-22 నుంచి ఇంగ్లీషే అయినా వినేవారిలో చాలామంది తెలుగులో ఆలోచించేవారే కాబట్టి ఈ జవాబు రెండు భాషల్లోనూ వినడం మేలు.

సబ్జెక్టు నిపుణుడు దొరకడం లేదనేది కాలేజీలు చెప్పే మాట. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ వర్సిటీలు మూడూ, తిరుపతి వర్సిటీ సైకాలజీ శాఖ సాయంతో, ఏడాదికి ఒక్కసారి ఉమ్మడి ఎంపిక జరిపి జాబితా తయారుచేస్తే ఆ మాట ఉండదు. జమ్మలమడుగులో వారానికి ఆరు గంటలు, ప్రొద్దుటూరులో ఎనిమిది గంటలు ఉన్న పనిని కలిపి ఒక పూర్తి పోస్టుగా ఇవ్వడానికీ ఆ జాబితా పనికొస్తుంది. రెండు కాలేజీల మధ్య బస్సులో తిరిగే గెస్ట్‌లు ఇప్పుడూ ఉన్నారు, కాకపోతే ఛార్జీలు సొంత డబ్బు.

అన్నిటికన్నా తేలికైనది తేదీల సంగతి. ఆర్డరు సెమిస్టరు మొదలయ్యే రోజుకు చేతిలో ఉండాలి. క్లాసులు మొదలైన ఆరు వారాలకు నియామకం జరిగితే మొదట బలయ్యేది ప్రాక్టికలే, ఎందుకంటే పాఠాన్ని తొందరగా చెప్పొచ్చు, ప్రయోగాన్ని తొందరగా చేయలేరు. చివరి ఆర్డరులో ఒక అప్పగింత పని కూడా చేర్చాలి: ఏ పరికరం ఏ స్థితిలో ఉంది, ఏ పరీక్షకు ఎన్ని జవాబు పత్రాలు మిగిలాయి, ఇంటర్న్‌షిప్‌లో ఏ విద్యార్థి ఏ ఆసుపత్రిలో, ఏ ప్రత్యేక పాఠశాలలో ఉన్నాడు, ఎవరి రికార్డులు దిద్దాల్సి ఉంది. ఇది రాసి సంతకం పెట్టడానికి నాలుగు గంటలు చాలు. యూజీసీ రేటులో చూసినా కాలేజీకి అయ్యేది 6,000 రూపాయలు.